కడుపు బాగోలేనప్పుడు చైనా వైద్యం: జావ, మాత్ర, కషాయం, సూది... ఎవరికి ఏది?

సింగపూర్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, తిన్నదేదీ సరిగ్గా అరగక ఇబ్బంది పడే తెలుగువాళ్లకు చైనీస్ కొలీగ్ ఎవరో ఒకరు ఏదో ఒక రోజు చెప్పే మాటే ఇది: ఒకసారి టీసీఎం డాక్టర్‌కి చూపించుకో. టీసీఎం అంటే సంప్రదాయ చైనా వైద్యం. అప్పటికే గ్యాస్ మాత్రలు, ప్రోబయోటిక్స్, వాము నీళ్లు అన్నీ అయిపోయి ఉంటాయి కాబట్టి సరే చూద్దాం అనుకుంటాం. తీరా దుకాణంలోకి వెళితే అలమారా నిండా డబ్బాలు. పక్కనే క్లినిక్, అందులో సూదులు. ఇంటి దగ్గర పక్కింటావిడ మాత్రం మందులెందుకు, ఫలానా జావ తాగమంటుంది. దేంతో మొదలుపెట్టాలో తెలియదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "గట్ హెల్త్ బాగుపడాలి" అని వెళ్తే ఈ వైద్యంలో దొరికేది ఎక్కువగా అమ్మకం సరుకే. "మూడు రోజులకోసారి గానీ మోషన్ రావట్లేదు" అని వెళ్తే మాత్రం పరీక్షించి చూసిన మార్గాలు కొన్ని ఉన్నాయి. అందుకే ఏ మందు అన్న ప్రశ్న తర్వాత, మీ ఫిర్యాదు ఏమిటన్నది ముందు తేల్చుకోండి.

ముందు మామూలు డాక్టర్‌ దగ్గరికే వెళ్లాల్సినవాళ్లు

మలంలో రక్తం పడినా, మలం తారులా నల్లగా వచ్చినా, ప్రయత్నం లేకుండా బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా, రక్తహీనత ఉందని తేలినా, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి గానీ విరేచనాలు గానీ ఉన్నా, నలభై ఐదు దాటాక మోషన్ తీరు కొత్తగా మారినా ఈ వ్యాసం పక్కన పెట్టి గ్యాస్ట్రో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు కేన్సర్ వచ్చి ఉంటే ఇంకా ముందే వెళ్లాలి. మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. భారతదేశంలో పేగుల టీబీ అరుదు కాదు. సాయంత్రం జ్వరం, కడుపు నొప్పి, బరువు తగ్గడం కలిసి వస్తే విదేశంలో ఉన్న డాక్టర్‌కి అది వెంటనే తట్టకపోవచ్చు, మీరే గుర్తు చేయండి.

కడుపులో మంట, నొప్పి ఎక్కువగా ఉంటే హెచ్. పైలోరీ పరీక్ష కూడా చేయించుకోండి. ఆ బ్యాక్టీరియా ఉంటే యాంటీబయాటిక్ కోర్సు వాడాలి, కషాయంతో కాలక్షేపం చేయకూడదు. పరీక్షలన్నీ నార్మల్ అని వచ్చి, ఐబీఎస్ (పేగుల్లో జబ్బేదీ కనబడకపోయినా నొప్పి, మోషన్ తేడాలు పెట్టే సమస్య) అనో ఫంక్షనల్ డిస్పెప్సియా (అలాగే కారణం దొరకని అజీర్తి) అనో మలబద్ధకం అనో పేరు పెట్టి పంపించినవాళ్లకే కింది పోలిక పనికొస్తుంది.

దేన్నిబట్టి ఎంచుకోవాలి

మొదటిది ఫిర్యాదు, రెండోది దానికి ఉన్న ఆధారం. ఈ రెండూ ఎవరైనా చెప్పేవే. మనవాళ్లు తరచూ మరిచిపోయేవి ఆ తర్వాతవి.

ఇప్పటికే వాడుతున్న మందులు చూసుకోవాలి. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే దారి చాలా ఇరుకవుతుంది. చైనా ఫార్ములాల్లో సగానికి సగం కనబడే అతిమధురం నెలల తరబడి వాడితే బీపీ పెరగవచ్చు, పొటాషియం పడిపోవచ్చు. నీరు పోయే మాత్రతో కలిస్తే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

తర్వాత తిండి నియమాలు. శాకాహారులు అడగకుండా ఏదీ మింగకండి. జీర్ణం కోసం వాడే పొడుల్లో 'జి నెయ్ జిన్' అనేది తరచూ ఉంటుంది. అది కోడి కందనకాయ లోపలి పొర. క్యాప్సూల్ తొడుగు జెలటిన్ కావచ్చు. గోధుమ పడనివాళ్లు 'షెన్ చూ' అన్న పేరు చూసుకోవాలి, అది గోధుమ పిండి కలిపి పులియబెట్టిన దినుసు. పాత పద్ధతి గోళీలను తేనెతో కడతారు, నీళ్లలో కలుపుకునే గ్రాన్యూల్స్‌లో చక్కెర కలుపుతారు, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు లేబుల్ చదవాలి. పాలిచ్చే తల్లులు మొలకెత్తిన బార్లీ, అంటే 'మై యా' ఉన్న మాత్రలు వద్దు. పాలు ఆపడానికే చైనాలో దాన్ని వాడతారు.

ఇక ఓపిక. కషాయం చేదుగా ఉంటుంది, రోజూ కాచుకోవాలి. సూదులకైతే వారానికి రెండు మూడు సార్లు వెళ్లాలి. ఆఫీసు, పిల్లల బడి మధ్య అది కుదురుతుందా లేదా అన్నది ముందే తేల్చుకోండి.

1. వంటింటి దారి

చైనా వైద్యంలో జీర్ణానికి ఇచ్చే చోటు చాలా పెద్దది. 13వ శతాబ్దపు వైద్యుడు లీ దోంగ్‌యువాన్ రోగాలు చాలావాటికి మూలం 'ప్లీహం-జఠరం' బలహీనపడటమే అన్నాడు. క్లినిక్‌లో "మీ స్ప్లీన్ వీక్‌గా ఉంది" అంటే స్కానింగ్‌కి పరుగెత్తకండి, వాళ్లు చెబుతున్నది అరుగుదల శక్తి గురించి. ఆ శక్తికి వాళ్ల మొదటి మందు వేడి వేడి జావ. బియ్యానికి ఎనిమిది, పది రెట్లు నీళ్లు పోసి మెత్తగా ఉడికించి తాగుతారు. జ్వరం వస్తే మన ఇళ్లలో కాచే గంజికీ దీనికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా వాళ్లు అందులో వేసేవాటిలో ఉంది: 'షాన్ యావ్' దుంప (మన పెండలం జాతిదే, పచ్చిది చెక్కు తీసేటప్పుడు చేతులు దురద పెడతాయి), అల్లం, ఎండు ఖర్జూరంలా కనిపించే ఎర్ర రేగుపళ్లు, ఎండబెట్టి ఏళ్ల తరబడి దాచిన కమలాపండు తొక్క. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని షిన్‌హ్వెయ్ నుంచి వచ్చే తొక్కకు పాతబడేకొద్దీ ధర పెరుగుతుంది. జీర్ణం కోసం అంత ఖరీదు పెట్టక్కర్లేదు, మామూలుదే చాలు.

తైవాన్‌లో నాలుగు దినుసుల సూప్ ఒకటి ప్రసిద్ధం. షాన్ యావ్, తామర గింజలు, ఫు లింగ్ (పైన్ చెట్టు వేళ్ల మీద పెరిగే ఒక రకం ఫంగస్), ఛియాన్ షి. ఆ చివరిది మనం వేయించుకు తినే మఖానా గింజే. వీధి కొట్లలో దీన్ని పంది పేగులతో కాస్తారు, శాకాహారులు దినుసులు మాత్రమే కొని ఇంట్లో చేసుకోవచ్చు.

దీని ఆధారం బలమా అంటే కాదు. పెద్ద పరీక్షలేవీ ఇక్కడ ఉదహరించలేను. కానీ ఖర్చు తక్కువ, హాని దాదాపు లేదు, పొద్దున్నే ఖాళీ కడుపుతో కాఫీ మీద కాఫీ తాగేవాళ్లు దాని బదులు ఒక గిన్నె జావ తాగితే ఎలాగూ మేలే. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం తెల్లబియ్యం జావ గ్లూకోజ్‌ను చకచకా పెంచుతుంది. వాళ్లు ఈ దారి వదిలేయవచ్చు.

ఒక పేచీ తప్పకుండా వస్తుంది. పెరుగు, మజ్జిగ, పచ్చి సలాడ్, చల్లని నీళ్లు మానేయమంటారు, అవి లోపల 'తేమ', 'చలి' పెంచుతాయని. పాలు తాగితే ఉబ్బరం వచ్చేవాళ్లు రెండు వారాలు పాలు ఆపి చూడటం మంచి సలహాయే. మజ్జిగ హాయిగా పడేవాళ్లు మాత్రం ఎవరో చెప్పారని మానక్కర్లేదు.

2. దుకాణంలో దొరికే మాత్రలు

పెళ్లి భోజనం ఎక్కువై, పుల్లటి తేన్పులు వస్తూ, పొట్ట బిగుసుకుపోయినప్పటి కోసం చైనావాళ్లు వాడేది 'బావో హే వాన్'. 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ పేరుతో వస్తున్న ఫార్ములా ఇది. 'షాన్ ఝా' అనే ఎర్రటి పుల్లని పండు, పులిసిన పిండి, ముల్లంగి గింజలు, కమలా తొక్క ఇందులో ముఖ్యం. ఆ షాన్ ఝాకు మాంసం, కొవ్వు అరిగిస్తుందని పేరు. ఒకటి రెండు రోజులు వాడి ఆపేయాల్సిన మందు, నెలల తరబడి వేసుకునేది కాదు. ఎసిడిటీ ఉన్నవాళ్లకు ఆ పులుపు మంట పెంచుతుంది. సూపర్‌మార్కెట్లో దొరికే షాన్ ఝా బిళ్లలను జీర్ణానికని పిల్లలకు పెట్టేవాళ్లున్నారు. అందులో ఎక్కువ భాగం చక్కెరే, మిఠాయి అనుకుని పెట్టండి.

మలబద్ధకానికి 'మా జీ రెన్ వాన్' ఉంది. గంజాయి జాతి మొక్క (హెంప్) గింజలు, బాదంలాంటి చేదు ఆప్రికాట్ పప్పు, రేవల్చిని వేరు ఉంటాయి. ఇది గాలి మాట కాదు. హాంకాంగ్ బాప్టిస్ట్ యూనివర్సిటీ బృందం 2011లో 120 మందిపై, 2019లో 291 మందిపై పరీక్షించింది. రెండోదాంట్లో దీన్ని సెన్నాతో, అంటే మన సునాముఖితో, ఉత్తుత్తి మందుతో (మందేమీ లేని ప్లసీబోతో) పోల్చారు. వాడుతున్నంతకాలం సెన్నాకీ దీనికీ పెద్ద తేడా లేదు. మందు ఆపేశాక మాత్రం దీని ఫలితం ఎక్కువ కాలం నిలిచింది. అయితే రేవల్చిని కూడా విరేచనకారే. గర్భిణులు వాడకూడదు. ఎనిమిది వారాల కోర్సుగా చూడండి, అలవాటుగా కాదు.

ఈ దారిలో నన్ను కలవరపెట్టేది మూలిక కాదు, డబ్బా. 2010లో పేరున్న ఒక జీర్ణ ఔషధం క్యాప్సూల్స్‌లో సిబుట్రమిన్, ఫినాల్ఫ్తలీన్ అనే, అందులో ఉండకూడని రసాయనాలు బయటపడి హాంకాంగ్‌లో, సింగపూర్‌లో వెనక్కి రప్పించారు. అంతకుముందు 1990ల మొదట్లో బెల్జియంలో ఒక బరువు తగ్గించే క్లినిక్ ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయి వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఊరెళ్లిన ఫ్రెండ్ తెచ్చిన లేబుల్ లేని డబ్బా, ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే 'డిటాక్స్' టీ, ఈ రెండూ ఉచితంగా ఇచ్చినా వద్దు.

3. వైద్యుడు రాసిచ్చే కషాయం లేదా గ్రాన్యూల్స్

అసలు చైనా వైద్యం అంటే ఇదే. నాలుక చూస్తారు, రెండు మణికట్ల దగ్గర నాడి పడతారు, నిద్ర, చెమట, నెలసరి, మోషన్ రంగు దాకా అడుగుతారు. ఐబీఎస్ ఉన్న ఇద్దరికి రెండు వేర్వేరు చీటీలు రాయవచ్చు. తినగానే నీరసం వచ్చి నిద్ర పడుతుందంటే 'లియూ జున్ జీ తాంగ్' తరహా (జిన్సెంగ్, ఫు లింగ్, కమలా తొక్క వగైరా) రాస్తారు. టెన్షన్ పడగానే కడుపు మెలిపెట్టి టాయిలెట్‌కి పరుగెత్తాల్సి వస్తుందంటే 'తోంగ్ సియే యావ్ ఫాంగ్' అనే నాలుగు మూలికలది రాస్తారు. ఇంటర్వ్యూ రోజు, పరీక్ష రోజు కడుపు పాడయ్యేవాళ్లను ఈ వైద్యం శతాబ్దాల కిందటే విడిగా ఒక వర్గంగా గుర్తించిందంటే ముచ్చటేస్తుంది.

మరి పనిచేస్తుందా? రెండు పరీక్షలు పక్కపక్కన పెట్టి చూడండి. 1998లో ఆస్ట్రేలియాలో 116 మంది ఐబీఎస్ రోగులను మూడు గుంపులు చేశారు: ఒక గుంపుకి అందరికీ ఒకే ఫార్ములా, ఒక గుంపుకి ఎవరికి తగ్గట్టు వారికి, మూడోదానికి ఉత్తుత్తి మందు. మూలికలు వాడిన రెండు గుంపులూ బాగుపడ్డాయి. చికిత్స ముగిసేనాటికి ఎవరికి తగ్గట్టు రాసినదానికి అదనపు లాభమేమీ లేదు, కానీ పద్నాలుగు వారాల తర్వాత చూస్తే ఆ మేలు వాళ్లలోనే నిలిచి ఉంది. 2006లో హాంకాంగ్‌లో విరేచనాల రకం ఐబీఎస్ ఉన్న 119 మందికి ఒకే ఫార్ములా ఇస్తే ఉత్తుత్తి మందు కంటే మెరుగేమీ కనబడలేదు. కాబట్టి ఐబీఎస్‌కి చైనా కషాయం తప్పక పనిచేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, అస్సలు పనిచేయదన్నా నమ్మకండి. కానీ ఈ దారి ఎంచుకుంటే డబ్బా మాత్ర కన్నా చూసి రాసే మనిషి దగ్గరికి వెళ్లడమే మేలనిపిస్తుంది.

అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపల పుండ్లు పడే జబ్బు) ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవాలి. 'చింగ్ దాయ్', అంటే నీలిమందు పొడి, ఆ జబ్బుకు పనిచేస్తుందని జపాన్‌లో 86 మందిపై చేసిన పరీక్షలో నిజంగానే తేలింది. కానీ ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెజర్ పెరిగే తీవ్రమైన దుష్ఫలితం బయటపడటంతో ఆ పరీక్షను మధ్యలో ఆపారు. జపాన్ ఆరోగ్య శాఖ 2016లో హెచ్చరిక కూడా ఇచ్చింది. పనిచేసేదంతా క్షేమం కాదు. అలాగే ఒత్తిడికి రాసే కొన్ని ఫార్ములాల్లో ఉండే గార్డీనియా కాయ, 'ఝీ జీ', ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పెద్దపేగు రక్తనాళాలు గట్టిపడిన కేసులు జపాన్‌లో నమోదయ్యాయి. కడుపు కోసం వాడిన మందు పేగులకే చేటు కావచ్చన్నమాట. చీటీ ఎంత మంచిదైనా మూడు నెలలకోసారి "ఇంకా అవసరమా?" అని అడగండి.

4. ఆక్యుపంక్చర్

మందులు మింగడం ఇష్టం లేనివాళ్లకు, ఇప్పటికే పదిరకాల మాత్రలు వాడుతున్న పెద్దవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. దీనికి పెద్ద పరీక్ష ఉంది. చైనాలో 15 ఆసుపత్రుల్లో తీవ్రమైన మలబద్ధకం ఉన్న 1,075 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఎనిమిది వారాల్లో 28 సార్లు కరెంటు సూదులు (కొద్దిపాటి కరెంటు పంపే సూదులు), రెండోదానికి ఉత్తుత్తి సూదులు వేశారు. వారానికి కనీసం మూడుసార్లు పూర్తిగా మోషన్ అయ్యే స్థితికి వచ్చినవాళ్లు మొదటి గుంపులో 31.3 శాతం, ఉత్తుత్తి సూదులు వేసినవాళ్లలో 12.1 శాతం. ఈ ఫలితాలు 2016లో వచ్చాయి. ఈ లెక్కను రెండు వైపులా చదవాలి. తేడా నిజం, కానీ ప్రతి పదిమందిలో దాదాపు ఏడుగురికి ఆ స్థాయి ఫలితం రాలేదు. అదీ ఎనిమిది వారాల్లో 28 సిట్టింగ్‌లకు. "నాలుగు సార్లు వెళ్లాను, ఏం లాభం లేదు" అనేవాళ్లు అసలు మోతాదే తీసుకోలేదు.

తిన్న వెంటనే కడుపు నిండిపోయినట్టుండే రకానికి కూడా 2020లో 278 మందిపై మంచి ఫలితాలు వచ్చాయి, అక్కడ సరిపోయినవి నాలుగు వారాల్లో పన్నెండు సిట్టింగ్‌లే. వాంతి, వికారానికి మణికట్టు లోపలివైపున్న 'నైగ్వాన్' బిందువు వాడతారు; ఆపరేషన్, కీమోథెరపీ తర్వాతి వాంతి, వికారానికి ఆక్యుపంక్చర్ ఉపయోగాన్ని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల బృందం 1997లోనే ఒప్పుకుంది.

జీర్ణానికి ఎక్కువగా వాడే బిందువు 'జూసాన్‌లి'. మోకాలి చిప్ప కింది అంచు నుంచి నాలుగు వేళ్ల వెడల్పు కిందికి, ఎముక అంచు నుంచి ఒక వేలు బయటికి. సూది లేకుండా బొటనవేలితో నొక్కుకోవచ్చు, హాని లేదు, సూదంత ఫలితం ఆశించకండి. ఒకసారి వాడి పారేసే సూదులే అని కళ్లతో చూసి నిర్ధారించుకోండి. రక్తం పలచబరిచే మందులు, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి, పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు కరెంటు సూదులు వద్దు.

5. జపాన్ కాంపో

జపాన్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇది సులువైన దారి, అందుకే క్లుప్తంగా. చైనా నుంచి వెళ్లి అక్కడ వేరే రూపు దిద్దుకున్న ఈ మందులను మామూలు ఎంబీబీఎస్ తరహా డాక్టర్లే రాస్తారు, 1967 నుంచి జాతీయ బీమాలో కూడా చేర్చుతూ వచ్చారు. లియూ జున్ జీకి అక్కడి రూపం 'రిక్కున్‌షితో', ఫంక్షనల్ డిస్పెప్సియాకు తరచుగా రాస్తారు. నాణ్యత విషయంలో నాకు దుకాణం డబ్బాల కన్నా ఇదే నమ్మకం. పొట్లాల్లో లాక్టోజ్ కలుపుతారు, పాలు బొత్తిగా పడనివాళ్లు ఫార్మసీలో చెప్పాలి.

| మార్గం | ఏ ఫిర్యాదుకి | ఆధారం | జాగ్రత్త |
|---|---|---|---|
| జావ, సూప్ | తేలికపాటి అజీర్తి, ఆకలి మందగించడం | తక్కువ | షుగర్ |
| బావో హే వాన్ | ఎక్కువ తిన్న రోజు | వాడుకే ఆధారం | ఎసిడిటీ, గోధుమ |
| మా జీ రెన్ వాన్ | మలబద్ధకం | బాగుంది | గర్భం, ఎక్కువకాలం వాడకం |
| చీటీ కషాయం | ఐబీఎస్, టెన్షన్‌తో విరేచనాలు | మిశ్రమం | ఇతర మందులు, బీపీ, లివర్ |
| ఆక్యుపంక్చర్ | మలబద్ధకం, తిన్నాక నిండినట్టుండటం | బాగుంది | సమయం, ఖర్చు |
| కాంపో | తిన్నాక నిండినట్టుండటం | మోస్తరు | అతిమధురం, లాక్టోజ్ |

మీరు ఏ కోవలో ఉన్నారు?

మలబద్ధకంతో బాధపడే ముప్పై ఏళ్ల ఐటీ ఉద్యోగి ముందు నీళ్లు, పీచు, నడక సరిచేసుకోవాలి. ఇసబ్గోల్ కూడా చూడాలి, అది చవక, ఆధారమూ ఉంది. అయినా కుదరకపోతే, సమయం ఉంటే సూదులు, లేకపోతే మా జీ రెన్ వాన్. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు.

బీపీ, షుగర్, గుండె మందులు వాడే అమ్మానాన్నలు విజిటింగ్ వీసాపై వచ్చి ఉంటే వాళ్లకు మూలికలేవీ ఇప్పించకండి. ఆక్యుపంక్చర్ వరకైతే సరే, వాళ్లు ఒప్పుకుంటే. ఇండియా తిరిగెళ్లాక కషాయం కొనసాగించడమూ కష్టమే. చైనా మూలికా వైద్యం మన ఆయుష్ పరిధిలో లేదు, ఆక్యుపంక్చర్‌ను మాత్రం కేంద్రం 2019లో విడిగా గుర్తించింది.

గర్భిణులకు, పాలిచ్చేవాళ్లకు నా మాట సూటిగా ఇంతే: అల్లం వేసిన జావ తప్ప ఏదీ సొంతంగా వద్దు. చిన్నపిల్లలకూ అంతే.

ఐబీఎస్‌తో విసిగిపోయినవాళ్లకు చీటీ కషాయం ప్రయత్నించదగ్గదే, కానీ ముందు లివర్, కిడ్నీ రక్తపరీక్షలు చేయించి నెలకోసారి మళ్లీ చూసుకునే షరతు మీద.

క్లినిక్‌లో అడగాల్సినవి

సింగపూర్‌లో టీసీఎం వైద్యులు ప్రభుత్వ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, ఆస్ట్రేలియాలో 2012 నుంచి దేశమంతటా అదే పద్ధతి. పేరు కొడితే రిజిస్టర్‌లో ఉన్నారో లేదో ఆన్‌లైన్లోనే తెలుస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆక్యుపంక్చర్‌కి లైసెన్స్ ఇస్తాయి. మూలికల పేర్లు రాసిన చీటీ అడిగి తీసుకోండి. "ఇది మా రహస్య ఫార్ములా" అనే చోట కూర్చోవద్దు. మీ ఇంగ్లిష్ మందుల జాబితా వాళ్లకూ, ఈ చీటీ మీ డాక్టర్‌కూ చూపించండి. మొదటి రోజే ఇరవై సిట్టింగ్‌ల ప్యాకేజీ అంటగడితే, ముందు ఆరింటికి కట్టి చూస్తాననండి.

మొదలుపెట్టే ముందు రోజు నుంచి మోషన్, ఉబ్బరం, నొప్పి ఫోన్‌లో రాసుకోండి. మందులకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు గడువు పెట్టుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద వచ్చినా గడువు దాకా ఆగకుండా ఆ రోజే ఆపేసి, మూలికల చీటీ చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.